గోనె అడుగు

బెండమొక్కకి పేనుబంక పడితే పది కిలోల ఎండుమిర్చి తెప్పించేవాళ్ళు ఉంటారా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటారు. మా ఇంట్లోనే ఉన్నాడు, మా మనవడు. ఫోను మీద వేలితో తడితే చాలట, సరుకు నడిచొస్తుందట. వచ్చింది కూడా. లారీ మా గుమ్మం ముందు ఆగి ఎండుమిర్చి మూట, ఐదు కిలోల వెల్లుల్లి, క్యానులకి క్యానులు వెనిగర్, పదిహేడు కిలోల వంటనూనె డబ్బా దింపి వెళ్ళింది. ఎదురింటి చీనా ముసలాయన బయటికొచ్చి పెళ్ళి ఎప్పుడని అడిగాడు. ఏం చెప్పను? కారు నిలిపే చోటు పోగా మా ఇంటి ముందు మిగిలిన జాగాలో నాలుగు బెండలు, రెండు వంగలు, కాసిని మిరపలు, ఒక కరివేపాకు చెట్టు ఉన్నాయి. ఆ పెళ్ళికి ఈ సంభారాలు.

"తాతా, టోకున కొంటే చవక" అంటాడు వాడు. చవకే మరి. అక్కర్లేనిది సగం ధరకి కొంటే సగం డబ్బు మిగిలినట్టు లెక్క రాసుకునే కాలం ఇది.

మా రోజుల్లో తోటకి మందని డబ్బు పెట్టి కొన్న ఇల్లు నేను చూడలేదు. నేను పుట్టింది బాగాన్ దాతోలో, కొబ్బరి ఎస్టేట్ కూలీల లైనింట్లో. విశాఖ నుంచీ, శ్రీకాకుళం వైపు నుంచీ మలేసియాకి వచ్చిన మనవాళ్ళు ఈ పేరాక్ రాష్ట్రం దిగువన కొబ్బరితోటల్లోనే ఎక్కువ స్థిరపడ్డారు. రబ్బరు తోటల్లో అరవవాళ్ళు, కొబ్బరి దగ్గర మనం. ఇప్పుడు మేముంటున్న, తెలుక్ ఇంటాన్ అంటున్న ఈ ఊరు మాకు తెలుక్ ఆన్సన్. 1982లో పేరు మార్చారు గానీ నా నోటికి ఇప్పటికీ పాతదే వస్తుంది. జీతాల రోజు దాటిన మొదటి ఆదివారం ఈ ఊరు రావడమంటే మాకు తిరనాళ్ళే. 1885లో నీళ్ళ ట్యాంకుగా కట్టిన వాలుగోపురం ఒక పక్కకి ఒరిగి ఉంటుంది కదా, దాని చుట్టుపక్కల వీధుల్లోనే తౌకేల, అంటే చీనా షావుకార్ల, దుకాణాలు. నదిమీద పడవల్లో దిగిన గోనెలు గుమ్మాల్లో వరసగా నిలబెట్టి, నోరు కిందికి మడిచి ఉండేవి. ఎండుమిర్చి, ధనియాలు, పసుపుకొమ్ములు, ఎండుచేపలు. కాటి లెక్కన తూచేవాళ్ళు. కాటి అంటే ఇప్పటి ఆరువందల గ్రాముల పైచిలుకు, వంద కాటీలు ఒక పికుల్. కిలోలు వచ్చాక మా అమ్మ చచ్చేదాకా ప్రతి తూకాన్నీ అనుమానంగానే చూసింది.

అసలు కొనుగోలు ఎలా జరిగేదో చెప్తాను వినండి. మా లైనులో పది పన్నెండు ఇళ్ళు కలిసి ఒక గోనె మిర్చి తెచ్చుకునేవాళ్ళం. ఎవరి వాటా ఎంతో చిన్న పుస్తకంలో రాసుకునేవాళ్ళు. అట్టమీద 555 అని అచ్చేసి ఉండే ఆ బుల్లి పుస్తకం ఈ దేశంలో అప్పులన్నిటికీ సాక్షి. వాకిట్లో చాప పరిచి, గోనె కుమ్మరించి, ఆడవాళ్ళు పంచుకునేవాళ్ళు. మంచి కాయ కూరకి. తాలు కాయ, తొడిమ, గింజ, ముక్కిన ముక్క, గోనె దులిపితే రాలే ఎర్రటి దుమ్ము, ఇదంతా ఒక రేకు డబ్బాలోకి. వెల్లుల్లిదీ అదే పద్ధతి. పొట్టు, ఎండిపోయిన రెబ్బ, బూజు తగిలింది పక్కకి. తౌకే దగ్గరికి వెళ్తే గోనె అడుగు ఊడ్చిన చెత్త ఊరికే కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. పారేస్తే ఈగలు ముసురుతాయి, మనకిస్తే ఒక దండం దక్కుతుంది.

ఆ డబ్బాయే మా పెరటి మందులకొట్టు. గుప్పెడు దుమ్ము, నాలుగు వెల్లుల్లి పొట్లు రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున పాత చీరముక్కలో వడగట్టి, బట్టలుతికే బార్ సబ్బు గీరి కలిపి, చీపురు ముంచి ఆకు వెనక చిలకరించడం. పేనుబంక, పిండినల్లి లాంటి మెత్తటి ఒంటి పురుగుకి అసలు పని చేసేది మిర్చి కాదు, సబ్బు. సబ్బునీళ్ళు దాని ఒంటిమీది మైనపు పొరని పాడుచేస్తాయి, ఒంట్లో తడి ఆరి చస్తుంది. మిర్చి ఘాటు, వెల్లుల్లి కంపు కొరికి తినేవాటిని కాస్త దూరం పెడతాయి, అంతే. ఇది మా మనవడికి ఎన్నిసార్లు చెప్పినా మిర్చి మోతాదు పెంచుతాడు గానీ పురుగు ఎక్కడుందో ఆకు తిప్పి చూడడు. పేనుబంక ఆకు అడుగున ఉంటే వాడు ఆకు మీద స్నానం చేయిస్తాడు. వంకాయ లోపల తొలిచే పురుగుకైతే కాయ బయట గుంటూరు మొత్తం నూరి పూసినా వీసమెత్తు తగలదు. ఆ కాయ కోసి, వాడిన కొమ్మ చివర తుంచి, కాల్చెయ్యడమే దారి. దానికి ఏ సరుకూ కొనక్కర్లేదు, కాబట్టి వాడికి నచ్చదు.

గుంటూరంటే గుర్తొచ్చింది. మూట విప్పి చూస్తే అందులో ఉన్నది తేజ రకం. సన్నగా, నిగనిగలాడుతూ, ముట్టుకుంటేనే వేళ్ళు మండే సరుకు. గుంటూరు యార్డులో బేరమైన తేజ చీనాకీ, థాయ్‌లాండుకీ, మలేసియాకీ ఓడలెక్కి వస్తుంది. కృష్ణ నీళ్ళు తాగి పెరిగి, కళ్ళాల్లో ఎండి, ఆడకూలీల చేతుల్లో తొడిమ తీయించుకుని, సముద్రం దాటి వచ్చి చివరికి మా మనవడి బకెట్లో పడింది. ఆ రైతుకి తెలిస్తే ఏమంటాడో. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు, రాత్రికి రాత్రి మూటలో సగం తీసి మిల్లుకి పంపింది.

అక్కడ, ఆ తెలుగుదేశంలోనే, ఈ వంటింటి మందులు నిజంగా ఎకరాలకి ఎకరాలు వాడుతున్నారు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల అనే ఊళ్ళో పత్తికి పురుగుమందులు కొట్టి కొట్టి అప్పులపాలైన రైతులు వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం పట్టుకుని, 2004లో పంచాయతీ తీర్మానం చేసి ఊరిని పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకున్నారు. వేపగింజలు ఏరి, దంచి అమ్మడం అక్కడి ఆడవాళ్ళకి ఒక సంపాదనైంది. అప్పట్లో వాళ్ళు చెప్పే లెక్క ఎకరానికి మూడు కిలోల పచ్చిమిర్చి, అరకిలో వెల్లుల్లి. ఎకరానికి! వేపగింజ పొడైతే వంద లీటర్ల నీళ్ళకి ఐదు కిలోలు. ఈ లెక్క కాగితం మీద వేసి మనవడి ముందు పెట్టాను. నీ దగ్గరున్న సరుకుతో, నాయనా, బాగాన్ దాతో వెళ్ళే రోడ్డు పక్కన కనపడే తోటల్లో ఒక ముక్క కౌలుకి తీసుకో అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో తేడా ఉంది, అది వాడు చూసే వీడియోల్లో ఎవరూ చెప్పరు. అక్కడి ఎండపొలంలో కొట్టిన కషాయం వెంటనే వానకి కొట్టుకుపోదు. ఇక్కడ పొద్దున కొడితే సాయంత్రం వాన కడిగేస్తుంది. మళ్ళీ కొట్టాలి. మళ్ళీ వాన. అందుకే మావాళ్ళు ఈ ఊళ్ళో నీటిమందు కన్నా చేతిపని ఎక్కువ నమ్మారు. పొద్దున్నే లేచి పెరట్లో ఒక చుట్టు తిరగడం, పురుగుంటే గిల్లడం, గుడ్లుంటే నలపడం. మంచు ఆరకముందే కొబ్బరి ఎండబెట్టే బట్టీ నుంచి తెచ్చిన బూడిద దులపడం. కొబ్బరి డొక్క బూడిదకి కరువేముంది ఎస్టేట్‌లో? బియ్యం కడుగునీళ్ళు మొదట్లోకి. చీమలు బారులు తీరి కాండం ఎక్కుతున్నాయంటే పైన పేనుబంక ఉందని అర్థం, ముందు చీమల దారి మూసేవాళ్ళు. అక్షింతల పురుగు కనపడితే మా నాన్న ఆ మొక్క మీద ఏ నీళ్ళూ చల్లనిచ్చేవాడు కాదు. అది పేనుబంకని తినే జాతి. మనవడి వెనిగర్ దాన్ని కూడా వదల్లేదు. ఆకుల అంచులు మాడిపోయాయి, పేనుబంక మాత్రం లేతచిగుళ్ళలో క్షేమంగా ఉంది. వెనిగర్ కలుపుమొక్కని మాడ్చే మందు, కూరమొక్కని కాపాడేది కాదు.

మా నాయనమ్మది మరో పద్ధతి. ఆవిడ ఉత్తరాంధ్ర ఆడది, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి. ఆరిపోయిన చుట్ట పీకలు ఒక కొబ్బరిచిప్పలో దాచి, నానబెట్టి, ఆ కషాయం వంగమొక్కల మొదట్లో పోసేది. పురుగులు చచ్చేవి, నిజమే. కానీ పొగాకు నీళ్ళు ఘోరమైన విషం, చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. మనవడు ఈ కథ విని పొగాకు టోకున ఎక్కడ దొరుకుతుందని ఫోను తీశాడు. ఆ ఫోను నేను లాక్కున్నాను.

మా రోజులు బంగారమని నేననను. లైనింటి పెరట్లో బూడిద, పెరటి కంచె దాటితే ఎస్టేట్ విషం. ముందు ఆర్సెనిక్ మందు, తర్వాత పారాక్వాట్. వీపున పంపు తగిలించుకుని రోజంతా కలుపుమందు కొట్టింది ఎక్కువగా మన ఆడవాళ్ళే. చేతికి తొడుగు లేదు, ముక్కుకి గుడ్డ కూడా దొర దయ. గోళ్ళు ఊడి, ముక్కు నుంచి నెత్తురు కారి, అయినా మర్నాడు పొద్దున్నే పేరు పిలిచే చోట నిలబడేవాళ్ళు. మందు ఖాళీ డబ్బాలు కడిగి నీళ్ళు పట్టుకున్న ఇళ్ళున్నాయి. తెనగనిత అనే సంస్థ తోటల్లో మందుకొట్టే ఆడవాళ్ళ గోడు 2002లో పుస్తకంగా వేసింది. ఆ ఏడాదే సర్కారు పారాక్వాట్ ఆపుతామంది, 2006లో మళ్ళీ తలుపు తెరిచింది, చివరికి 2020 జనవరి ఒకటి నుంచి మూసింది. కాబట్టి మనవడు సీసా మందు కాకుండా వెల్లుల్లి పట్టుకున్నందుకు నాకు కోపం లేదు. లోపల్లోపల సంతోషమే. పినాంగ్ వినియోగదారుల సంఘం వాళ్ళు ఇంటిపెరట్లో మందులు లేకుండా కూరలు పండించుకోండని ఏళ్ళ తరబడి చెప్తుంటే విననివాళ్ళం, ఇప్పుడు మనవళ్ళు వింటున్నారు. నా గొడవంతా ఆ మూటతోనే.

పిల్లాడిది మాత్రం తప్పెలా అంటాను? గోనె అడుగు ఊడ్చి తెచ్చుకుందామంటే ఊడవడానికి గోనె ఏది? సూపర్‌మార్కెట్‌లో అన్నీ మూతి కుట్టిన ప్యాకెట్లు. అందులో తాలు ఉండదు, తొడిమ ఉండదు, దుమ్ము ఉండదు. ఏరేసింది ఎవరో ఎక్కడో పారేశారు. కోడలు మసాలా పొడిగానే కొంటుంది, వెల్లుల్లి ఒలిచిందే కొంటుంది. మా వంటింట్లో వ్యర్థమంటూ మిగిలేది ప్లాస్టిక్ కవరొక్కటే, దాంతో ఏ పురుగూ చావదు. వంటింట్లో చెత్త లేకుండా చేసుకుని, తోటకోసం మంచి సరుకు కొనాల్సి వచ్చింది.

అయినా నూనె సంగతి నేను ఒప్పుకోను. డబ్బా అయిపోవచ్చేసరికి వాడు కిలో నూనె ప్యాకెట్ల మీద కన్నేశాడు. పేదవాడి మూకుడు కోసం సర్కారు సొమ్ము పోసి రెండున్నర రింగిట్లకి ఇస్తున్న సరుకది. దుకాణంలో దానికోసం నిలబడేవాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది. మొక్క మీద చల్లడానికి ఆ ప్యాకెట్ ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతానన్నాను. పైగా అంత నూనె ఎందుకు? లీటరు నీళ్ళకి ఒక చెంచా, సబ్బుతో గిలక్కొడితే చాలు. ఎక్కువైతే ఎండకి ఆకు వేగిపోతుంది. ఎండ దిగాక కొట్టాలి, ముందు ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూసుకోవాలి.

ప్రస్తుతానికి ఒప్పందం ఇది. మిర్చిలో మిగిలిన సగం రామాలయం వంటశాలకి వెళ్తుంది, అక్కడ ఏరితే వచ్చే తొడిమా గింజా మాకు తిరిగొస్తాయి. వెల్లుల్లి నాలుగిళ్ళకి పంచాం, పొట్టు వెనక్కిచ్చే షరతు మీద. ఎదురింటి చీనా ముసలాయన పొట్టుతో పాటు తన ముల్లంగి మొక్కలకి మందు కూడా కావాలంటున్నాడు, అదొక కొత్త పద్దు. వేపచెక్క మాత్రం గోనెతోనే కొనమని నేనే చెప్పాను. ఈ వీధిలో ఆరిళ్ళు కలుస్తామన్నాయి, అది మట్టిలో కలిపే సరుకు, నిలవుంటుంది. 555 పుస్తకం కూడా కొనుక్కొచ్చాను, ఇంకా అమ్ముతున్నారు. వెనిగర్ క్యానుల సంగతే తేలలేదు. ఊరగాయ పెడదామంటే మా ఆవిడ నిమ్మకాయ తప్ప వెనిగర్ ముట్టనంటోంది.