పాత కారు పోటీకి కొన్ని తలకిందుల సలహాలు

అమెరికాలో పాత కారు కొన్నవాళ్లు చాలామంది ముందు దాన్ని తళతళలాడిస్తారు. ఆ తర్వాత ఏ క్లాసులో పెడితే బహుమతి వస్తుందా అని వెతుకుతారు. నా సలహాలు దీనికి పూర్తిగా ఎదురు. వినగానే తిక్కగా తోచినా, 1935లో ఫిలడెల్ఫియాలో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా పోటీలకు వెళ్లేవాళ్లకు ఇవే పనికొస్తాయి. అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో జరిగే పెద్ద ప్రదర్శన ఆ క్లబ్బుదే.

1. వయసు చాలనుకోకండి. పాతికేళ్లు నిండిన బండికి గేటు తెరుచుకుంటుంది, అంతే. ఏ క్లాసన్నది వేరే ప్రశ్న. కంపెనీ, మోడల్ సంవత్సరం, బండి రకం, ఇప్పుడున్న స్థితి అన్నీ చూశాకే అది తేలుతుంది.

2. లోకం పిలిచే పేరు ఫారంలో రాయకండి. 1964 ఏప్రిల్ 17న అమ్మకానికి వచ్చిన తొలి ఫోర్డ్ మస్టాంగ్‌లను అందరూ ‘అరవై నాలుగున్నర’ అంటారు. ఫోర్డ్ లెక్కలో అవి 1965 మోడళ్లే. సీరియల్ నంబరు 5తోనే మొదలవుతుంది. అలాగని 1965 భాగాలన్నీ వాటికి సరిపోవు. తొలి నెలల్లో తయారైన బండ్లకు జనరేటర్ ఉండేది, ఆల్టర్నేటర్ తర్వాత వచ్చింది. అందుకే ముందు నంబరు చూడండి, తర్వాత బానెట్ ఎత్తి దాని కింద ఏముందో చూడండి.

3. కంపెనీ ఇచ్చినదానికంటే అందంగా చేయకండి. జడ్జీలు 400 పాయింట్లతో మొదలుపెట్టి తప్పు కనిపించినచోటల్లా కోసుకుంటూ పోతారు. షోరూములో కొన్నవాడి చేతికి బండి ఎలా అందేదో అదే కొలమానం. అంతకు మించిన నగిషీకి ఒక్క పాయింటు కూడా కలవదు. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ మోడల్ టీ ఫ్యాక్టరీ నుంచి నలుపులోనే వచ్చింది. 1917 బండికి ఎంత ముచ్చటైన ఎరుపు వేయించినా అది తప్పే. వేలు పోసి తప్పు కొనుక్కోకండి.

4. బండి చాలావరకు అసలు రూపంలోనే ఉంటే వెంటనే పెయింటరును పిలవకండి. వెలిసిన రంగు, అరిగిన సీటు గుడ్డ, నాటి స్క్రూలు అలాగే ఉన్న బండ్లకు విడిగా ఒక విభాగం ఉంది. అక్కడ మెరుపును కాదు, మిగిలివున్న అసలుతనాన్ని చూస్తారు. ఒక్కసారి గీకేసిన ఫ్యాక్టరీ రంగును ఏ పనివాడూ తిరిగి తేలేడు.

5. రోజూ నడిపే బండిని పాయింట్ల పోటీలోకి తోయకండి. రోడ్డు మీద భద్రత కోసం సిగ్నల్ దీపాల వంటివి అమర్చుకున్న కార్లకు డ్రైవర్ పార్టిసిపేషన్ క్లాస్ ఉంది. కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు. అది పొరపాటు. కారు పుట్టింది తిరగడానికే కదా!

6. జడ్జితో వాదనకు దిగకండి. ‘మా తాతగారి కాలం నుంచీ ఇలాగే ఉంది’ అంటే చెల్లదు. ఫలానా చక్రం, ఫలానా అద్దం కంపెనీయే ఇచ్చిందని చూపాల్సిన బాధ్యత యజమానిదే. ఆ ఏటి కేటలాగు, పార్ట్స్ బుక్, అమ్మకాల కరపత్రం ఒక ఫైల్లో పెట్టుకుని కారు దగ్గరే ఉంచండి. దానితోపాటు మంటలార్పే సిలిండరు కూడా. అది లేకపోవడం నియమాలకు విరుద్ధం.

7. పోటీ తక్కువగా ఉన్న క్లాసు వెతకకండి. దొంగదారిలో వచ్చిన కప్పు ఆ బండి గురించి అబద్ధం చెబుతుంది. రేపు దాన్ని కొనేవాడు, దాన్ని చూసి మరో బండి బాగుచేసుకునేవాడు ఆ అబద్ధాన్నే నిజమనుకుంటారు. చరిత్రకు జరిగే ఆ నష్టం ఒక బహుమతి పోవడంకన్నా పెద్దది.

కాబట్టి ముందు ఆ ఏటి నియమావళి తెచ్చుకుని చదవండి. సందేహం ఉంటే ఫారం పంపకముందే క్లబ్బువాళ్లను అడగండి. మీ కారు ఏమిటో ఉన్నదున్నట్టు రాయండి. ఆ తర్వాతే పాలిష్ డబ్బా మూత తీయండి.