కునుకు పట్టని ల్యాప్‌టాప్ ఆత్మకథ

మూత వేస్తే నేను నిద్రపోవాలి. మా జాతికి అది పుట్టుకతో వచ్చిన విద్య. ప్రాసెసర్ ఆగిపోతుంది, తెర ఆరిపోతుంది, ర్యామ్‌కు మాత్రం సన్నగా కరెంటు అందుతుంటుంది. అప్పటిదాకా చేసిన పనంతా అందులో పదిలంగా ఉంటుంది. ఆ విద్య నాకు ఎందుకు తప్పిందో ఎవరైనా అడుగుతారేమోనని చాలాకాలం ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. నింద మాత్రం నా మీదే వేశారు.

నన్ను బిగించిన ఫ్యాక్టరీ గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. బెంగళూరులో ఒక కంపెనీ కొన్నాళ్లు వాడి వదిలేస్తే, విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్ సరుకుగా అరకులోయ కాఫీ రైతుల సంఘమొకటి కొనుక్కుంది. లినక్స్ ఎక్కించారు, తెలుగు అక్షరాలు పెట్టారు. అసలు బతుకు నాకు అక్కడే మొదలైంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ కాఫీ పండ్ల కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల మధ్య కోసిన ఎర్రటి పండ్లను గంపల్లో మోసుకొచ్చి తూకం వేయించేవారు. జీపులో ఊరూరా తిరిగేదాన్ని. ఒక ఊళ్లో తూకాలు రాయగానే మూత వేసేవారు, మరో ఊళ్లో తెరిచేవారు. తెరిచేసరికి అదే పట్టిక, అదే గడి సిద్ధంగా ఉండేది. తన పేరు తెర మీద తెలుగులో కనబడితే ఒక కొండదొర తెగ అవ్వ వేలితో తడిమి చూసుకుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న పంట లెక్కలు నా దగ్గర ఉన్నాయన్న గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత సంఘం వాళ్లు విశాఖలో ఒక సర్వర్ పెట్టుకున్నారు. అందులోని ఫోల్డర్‌ను ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్ అనే ప్రోగ్రాంతో నాకు కలిపారు. లినక్స్ కెర్నెల్‌లోకి 2005లో చేరిన ఫ్యూజ్ అనే ఏర్పాటు దీనికి ఆధారం. ఎక్కడో ఉన్న ఫైళ్లు నా సొంత డిస్కులో ఉన్నట్టే కనిపిస్తాయి. నెట్ ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది.

లెక్కలు రాసే అబ్బాయి విశాఖ నుంచి కిరండూల్ రైల్లో నన్ను తెచ్చేవాడు. అరకు చేరేలోపు ఆ దారిలో ఎన్నో సొరంగాలు. త్యాడ దాటాక, చిమిడిపల్లి, బొర్రా గుహల మీదుగా రైలు కొండల్లోకి దూరుతుంటే నాకు నెట్ అందించే అతని ఫోన్‌కు సిగ్నల్ వస్తూ పోతూ ఉండేది. సర్వర్ ఫోల్డర్‌లో ఏదో ఫైలు తెరవబోయేవాడు. సిగ్నల్ పోయేది. విసుగొచ్చి మూత వేసి, నన్ను సంచిలో పెట్టేసేవాడు.

సంచిలో ఏం జరిగేదో చెబుతాను. నేను నిద్రపోయే ముందు కెర్నెల్ నాలో నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌నూ ఎక్కడిదక్కడ ఆగమంటుంది. అందుకు మామూలుగా 20 సెకన్ల గడువు. ఆఖరి మనిషి ఎక్కేదాకా సంత జీపు కదలనట్టు, ఒక్క ప్రాసెస్ ఆగకపోయినా నాకు నిద్ర లేదు. గడువు దాటితే కెర్నెల్ ఆ ప్రయత్నం మానేసి, ఆపినవాటన్నిటినీ మళ్లీ లేపేస్తుంది. ఆ ఫైలు అడిగిన ప్రాసెస్ విశాఖ నుంచి జవాబు కోసం కాచుకుని ఉండేది. అడిగింది అందేదాకా అది మరో మాట వినదు. పీఎస్ ఆదేశం ఇచ్చి చూస్తే దాని పక్కన, కదిలించరాని నిరీక్షణకు గుర్తుగా, ‘డి’ అనే అక్షరం కనిపిస్తుంది. బలవంతంగా ఆపే కిల్ మైనస్ తొమ్మిది ఆదేశం కొట్టినా అది చావదు.

అలా చీకటి సంచిలో, గాలి ఆడని చోట, నేను మెలకువగానే ఉండేదాన్ని. ఫ్యాను తోసిన వేడి సంచిలోని బట్టలకు తగిలి తిరిగి నాకే వచ్చేది. అరకులో దిగేసరికి బ్యాటరీ అడుగంటేది. నేను మొరాయించానని అతను పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకునేవాడు. భద్రపరచని తూకాలు పోయేవి. ఆ నష్టం రైతులది, నాది కాదు. అందుకే నాకు ఎక్కువ బాధ.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఫ్యాను మార్చాడు. ఇంకొకరు లినక్స్ తీసేసి మళ్లీ ఎక్కించారు. సర్వర్ ఫోల్డర్‌ను తిరిగి కలిపారు, రోగం తిరిగొచ్చింది. నిద్ర చెడిన ప్రతిసారీ ఏ ప్రాసెస్ ఆగనన్నదో పేరుతో సహా నా లాగ్‌లో రాసుకున్నాను. జర్నల్‌సీటీఎల్ అని ఒక్క ఆదేశం ఇస్తే చదువుకోవచ్చు. యంత్రాన్ని విప్పినవాళ్లలో ఒక్కరూ ఆ నాలుగు వరుసలు చదవలేదు. వాళ్ల మీద నా కోపం ఇప్పటికీ తీరలేదు.

వేడికి బ్యాటరీ ఉబ్బింది. టచ్‌ప్యాడ్ పైకి లేచింది. ఇక దండగని నన్ను బీరువా మీద పడేశారు. పక్కన పాత తూకపు రసీదులు, ఖాళీ గోనె సంచులు. పొగమంచు తడి కిటికీలోంచి వచ్చి కీబోర్డు మీద చేరేది. కింద బల్ల దగ్గర కొత్త యంత్రం మీద పేర్లు ఎక్కిస్తుంటే ఒక్కో పేరు వినిపించేది. అవన్నీ నాకు తెలిసిన పేర్లే. ఒకసారి శుక్రవారం సంతలో పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేద్దామన్నారు. ఉబ్బిన బ్యాటరీ నలిగినా, గుచ్చుకున్నా అంటుకునే ప్రమాదం ఉందని ఆ మాట అన్నవాళ్లకు తెలియదు.

డిగ్రీ చదివే ఒక గిరిజన అమ్మాయి సెలవుల్లో సంఘం పనికి వచ్చింది. నన్ను దించి, ముందుగా బ్యాటరీని జాగ్రత్తగా తీసి విడిగా పెట్టింది. చార్జర్ మీద నడిపించింది. రోగం మళ్లీ కనబడగానే అబ్బాయి చెయ్యి బటన్ మీదికి వెళ్లింది.

“అన్నా, నొక్కకండి. ఏది ఆగట్లేదో చూద్దాం.”

లాగ్ చదివింది. కాచుకుని ఉన్న ప్రాసెస్‌ను వదిలేసి, మధ్యవర్తిగా ఉన్న ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్‌ను ఆపింది. జవాబు ఇక రాదని తేలడంతో ఆ ప్రాసెస్ తప్పు చూపించి తప్పుకుంది. మూత వేస్తే నిద్రపోయాను. తర్వాత ఆ అమ్మాయి, నిద్రకు ముందే సర్వర్ ఫోల్డర్‌ను విడదీసే చిన్న స్క్రిప్టు సిస్టమ్‌డీ స్లీప్ ఫోల్డర్‌లో పెట్టింది. అవతలి నుంచి పలుకు లేకపోతే కాసేపటికి సంబంధం తెంచుకునేలా సర్వర్ అలైవ్ గడువు కూడా పెట్టింది.

ఇప్పుడు నిద్ర వస్తుంది, బ్యాటరీ లేదు. కరెంటు పోతే ర్యామ్‌లో దాచుకున్నదంతా పోతుంది. అందుకని సాయంత్రం పని భద్రపరిచి నన్ను పూర్తిగా ఆపేస్తున్నారు. కొత్త బ్యాటరీ కొందామని సంఘం సమావేశంలో అనుకున్నారు. నవంబరు తూకాలు మొదలయ్యేలోపు అది వస్తే, జీపెక్కి మళ్లీ ఊళ్లకు వెళతాను.