పెరట్లో మత్స్యావతారం

చేప నీళ్ళలో విసర్జిస్తుంది. ఆ నీళ్ళు మొక్క తాగుతుంది. మొక్క శుభ్రం చేసిన నీళ్ళు మళ్ళీ చేప దగ్గరకే వస్తాయి. మనిషి చేయాల్సిందల్లా మధ్యలో కుర్చీ వేసుకుని, ఒక చేత్తో పాలకూర తుంచుకుంటూ, రెండో చేత్తో చేపను పులుసులోకి జారవిడవడమే. ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, మట్టి అక్కర్లేదు, కలుపు రాదు, నడుం వంచే పని లేదు. దీని పేరు ఆక్వాపోనిక్స్. ఆ పేరు తప్పు లేకుండా పలకడం వచ్చిన మర్నాడే మనవాళ్ళలో కొందరికి ఉద్యోగం మీద విరక్తి పుడుతోంది.

శాస్త్రంతో నాకు తగాదా లేదు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. నైట్రోసోమోనాస్ అనే సూక్ష్మజీవి దాన్ని నైట్రైటు చేస్తుంది, నైట్రోస్పైరా జాతివి నైట్రైటును నైట్రేటు చేస్తాయి. నైట్రేటు మొక్కకు అన్నం. అంతా నిజమే. నా తగాదా ‘ఎరువు అక్కర్లేదు’ అన్న ముక్కతోనే. అమ్మోనియాను చేప గాల్లోంచి పుట్టించదు కదా! తిన్న మేతలోంచి రావాలి. ఆ మేత బస్తాలో సోయా చెక్క, తవుడు, ఎండుచేపల పొడి, ముప్ఫై శాతం దాకా మాంసకృత్తులు. యూరియా బస్తాను వీధి గుమ్మంలోంచి గెంటేసి, అదే నత్రజనిని మేత బస్తా వేషంలో దొడ్డిదారిన దింపుకుని, ‘మాది బయటి సరుకు ముట్టని పంట’ అని బోర్డు పెట్టుకోవడానికి ఎంత ధైర్యం కావాలి!

లెక్కల్లోకి వద్దాం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో చిన్న తరహా ఆక్వాపోనిక్స్ మీద లావుపాటి పుస్తకం వేసింది. భక్తులంతా దాని పేరు చెబుతారు, పారాయణం చేసిన దాఖలా మాత్రం కనపడదు. వెయ్యి లీటర్ల నీటికి 20 కిలోల చేప మించొద్దని, ఆకుకూరలకైతే చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత పడాలని అందులో ఉంది. కాగితం తీసుకోండి. కిలో చేపకు కిలోన్నర చొప్పున 20 కిలోల చేపకు 30 కిలోల మేత. ఏడాదిలో 30 కిలోలంటే రోజుకు 82 గ్రాములు. ఆ మేతకు పండేది మహా అయితే రెండు చదరపు మీటర్ల ఆకుకూర, అంటే ఒక మడతమంచం వాల్చుకునేంత జాగా. కుటుంబం మొత్తానికి కూరగాయలు అని ఈ భక్తులు అన్నారే, అది ఈ మంచం మీదే పండాలి.

ఇక కరెంటు. నీళ్ళ పంపు, గాలి మోటారు కలిపి 60 వాట్లే అనుకుందాం. రాత్రింబవళ్ళు తిరగాలి కాబట్టి ఏడాదికి 525 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే 3,150. మేత కిలో యాభైకి దొరికినా 1,500. ఖర్చు మొత్తం 4,650. చేతికొచ్చే 20 కిలోల చేప, కిలో రెండు వందల చొప్పున, నాలుగు వేలు. ఇదీ ఒక్క పిల్లచేప కూడా చావలేదని దేవుడి మీద భారం వేసి కట్టిన లెక్క. తొట్టె, పైపులు, పిల్లచేపల ధర ఇంకా కలపలేదు. మీ ఒంటి కష్టం ఎలాగూ కలపరు, అది ‘మనశ్శాంతి’ ఖాతాలో జమ.

రసాయనాలు లేని పంట అన్నారు కదా, ఈ తొట్టె ఉన్న ఇంటి అలమర ఒకసారి తెరిచి చూడండి. మా బావగారి ఇంట్లో ఆవకాయ జాడీ పక్కనే పరీక్ష సీసాల వరుస ఉంటుంది. సాయంత్రం కాగానే ఆయన గాజుగొట్టంలో అయిదు మిల్లీలీటర్ల తొట్టె నీళ్ళు పట్టి, రెండు సీసాల్లోంచి ఎనిమిదేసి చుక్కలు పెదాలు కదుపుతూ లెక్కపెట్టి వేసి, మూత బిగించి కుదిపి, ట్యూబులైటు కింద పట్టుకుని నిలబడతారు. పసుపు రంగులోనే ఉంటే అమ్మోనియా లేదు. ఆకుపచ్చకు తిరిగితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ‘షుగరు పరీక్ష చేయించుకోమంటే ఆర్నెల్ల నుంచి వాయిదా వేస్తున్నారు, చేపలకు మాత్రం రోజూ చేస్తారు’ అని మా అక్క సణుగుడు.

పరీక్షతో అయిపోదు. సూక్ష్మజీవులకు పీహెచ్ ఏడు దాటితే ఇష్టం, మొక్కలకు ఆరు దగ్గర ఇష్టం. ఇద్దరి మధ్యా రాజీ కుదిర్చి ఏడుకు కాస్త అటూ ఇటూగా నిలబెట్టాలి. నైట్రేటు తయారయ్యే కొద్దీ నీళ్ళు ఆమ్లంవైపు జారుతూనే ఉంటాయి కాబట్టి ఒకసారి సున్నం, ఒకసారి పొటాషియం హైడ్రాక్సైడ్ కలపాలి. ఇంతలో లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము చాలలేదన్నమాట. మేతలో ఇనుము చేపకు సరిపడా ఉంటుంది, మొక్కకు సరిపడా ఉండదు. కనుక చిలేటెడ్ ఐరన్ పొట్లం కొనాలి. అది వేస్తే నీళ్ళు ఎర్రబడతాయి, బావగారి ముఖం తెల్లబడుతుంది. ఇన్ని కలిపినా పంట పేరు మాత్రం ‘రసాయన రహితం’. పురుగుమందు కొట్టరన్నది నిజమే, కొడితే చేపలు చస్తాయి. పేనుబంకకు ఆ సంగతి చక్కగా తెలుసు. వేపనూనె చల్లాలన్నా తొట్టెలో పడుతుందేమోనని భయపడి, మా బావగారు ఒక్కో ఆకు కిందా తడిగుడ్డతో తుడుస్తుంటారు. నడుం వంచక్కర్లేదన్న మాట ఆయన దగ్గర ఎత్తకండి.

పూర్వీకులను లాక్కురానిదే మన దగ్గర ఏ సరుకూ అమ్ముడుపోదు. దీనికి మెక్సికోలో అజ్టెక్కుల చినాంపాలను, చైనాలో చింగ్‌తియెన్ వరిచేల చేపలను సాక్ష్యం తెస్తారు. చింగ్‌తియెన్ పద్ధతిని 2005లో ఆహార వ్యవసాయ సంస్థ వారసత్వ సంపదగా గుర్తించిన మాట వాస్తవం. కానీ చినాంపా అంటే చెరువు అడుగు బురద తోడి పోసిన మడి, వరిచేను అంటే సాక్షాత్తూ మట్టి. మట్టి అక్కర్లేదని చెప్పడానికి మట్టి పిసికినవాళ్ళే దొరికారా? పంపూ తొట్టే ఉన్న ఈ పద్ధతికి అసలు తాతలు 1970లలో మసాచుసెట్స్‌లోని న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ వారు, 1980లలో ఉత్తర కరోలినాలో మెక్‌మర్ట్రీ, వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకొసీ. రాకొసీ పనిచేసింది మంచినీళ్ళకు కటకటలాడే దీవిలో. వాన నీళ్ళు పట్టి దాచుకునే చోట చుక్క నీరు వృథా కాని పద్ధతి వరమే. నీటి ఆదా విషయంలో నాకు పేచీ లేదు, అది నిజంగా ఘనత.

ఆ దీవి మందు తెచ్చి గోదావరి డెల్టాలో పూస్తున్నారు, అదీ గమ్మత్తు. పక్కన పంట కాలవ, కాళ్ళ కింద ఒండ్రుమట్టి. విత్తనం జారిపడితే చాలు, తోటకూర మొలిచే నేల. దాని మీద ప్లాస్టిక్ తొట్టె పెట్టి, తొట్టెలో మట్టికి బదులు కాల్చిన మట్టి గోళీలు కొని నింపుతున్నారు. మట్టి వద్దనుకున్నవాడు మట్టినే కాల్పించి కిలోల లెక్కన కొనడం మా తాత చూసి ఉంటే ఏమనేవాడో!

అక్కడికి కూతవేటు దూరంలో ఆకివీడు, కైకలూరు ఉన్నాయి. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, చెరువులో పాతిన గెడలకు వేలాడదీస్తే, చేపలే వచ్చి పొడుచుకుని తింటాయి. ఈ కిటుకు కొల్లేటి వైపు రైతులది. గట్ల మీద కొబ్బరి, అరటి. చేపా పంటా కలిపి పెంచడం అంటే ఇదే, దానికి వాళ్ళు పేరు పెట్టలేదు, శిక్షణ తరగతులు నడపలేదు. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుందని, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయని వాళ్ళకు తెలుసు కాబట్టి ఆ వేళకు టార్చిలైటుతో గట్టు మీద ఉంటారు. ఎకరాల చెరువుకే అంత కాపలా కావాలి. వెయ్యి లీటర్ల తొట్టెకు మే నెలలో ట్రాన్స్‌ఫార్మర్ పేలితే మిగిలే వ్యవధి కొద్ది గంటలు. అందుకే ఒక ఇన్వర్టరు. కరెంటు పోయినప్పుడు మా అక్క విసనకర్రతో విసురుకుంటుంది, చేపలకు మాత్రం గాలి ఆగదు. సంక్రాంతికి ఊరెళ్ళాలంటే చేపలకు దిక్కెవరు? వాచ్‌మన్‌కు అప్పజెబితే అతను జాలిగుండెవాడు, వారం మేత ఒక్కపూటలో వేస్తాడు.

శాకాహారుల సంగతి మరీ విడ్డూరం. పాలకూర కోసం చేపల్ని పెంచుతారు, చేప మాత్రం తినరు. సత్యవ్రతుడి కమండలంలో పడ్డ చేపకు గంగాళం చాలక, చెరువు చాలక, చివరికి సముద్రం కావాల్సి వచ్చింది. మన సత్యవ్రతుడిది మూడో అంతస్తు డాబా. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, కింది వాటావాళ్ళు అవతారం ముగిసే రోజు కోసం ఎదురుచూస్తున్నారు.

‘తిలాపియా వేసుకోండి, అది గట్టిపిండం’ అని శిక్షణ ఇచ్చే గురువుల సలహా. 1952లో దేశంలోకి తెచ్చిన ఆ చేప తామరతంపరగా పెరుగుతోందని 1959లోనే నిషేధం పెట్టారు. ఇప్పుడు కూడా పెంచాలంటే మత్స్యశాఖ అనుమతి కావాలి. తరగతిలో ఆ ముక్క చెప్పరు, రుసుము ముక్క మాత్రం మొదట్లోనే చెబుతారు.

రుసుము అంటే గుర్తొచ్చింది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వ్యాపారానికి ఆక్వాపోనిక్స్ చేస్తున్న 257 మందిని వాకబు చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వాకబుకు ముందు ఏడాదిలో లాభం కళ్ళజూసినవాళ్ళు మూడో వంతు కూడా లేరు. చేపలూ కూరలూ మాత్రమే కాక సామాన్లు, సలహాలు, శిక్షణ కూడా అమ్మినవాళ్ళకే లాభం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. అంటే ఈ సాగులో గ్యారంటీగా పండే పంట శిష్యులు. వాళ్ళకు మేత వేయక్కర్లేదు, వాళ్ళే తెచ్చి పెడతారు.

సరదాకి పెట్టుకుంటారా, పెట్టుకోండి. బడిలో పిల్లలకు నత్రజని చక్రం చూపించడానికి ఇంతకంటే మంచి బొమ్మ లేదు. కానీ దీన్ని జీవనోపాధి అని ఎవరైనా మీకు అమ్మబోతే, డబ్బు కట్టే ముందు మూడు కాగితాలు అడగండి: పోయిన ఏడాది మేత బిల్లు, కరెంటు బిల్లు, చేపలు అమ్మిన రసీదు. శిక్షణ రుసుముల రసీదు పుస్తకం తీసి చూపిస్తే మాత్రం పర్సు జేబులోనే ఉంచుకుని, వచ్చేదారిలో చేపల మార్కెట్‌లో కిలో శీలావతి కొనుక్కోండి. పొలుసు గీకి, ముక్కలు కూడా కొట్టి ఇస్తారు.