నడకకి నూటికి ఎన్ని?

అమెరికాలో ఇళ్ళకి మార్కులేస్తారు. ఇంట్లోవాళ్ళకి కాదు, ఇంటికే. గుమ్మం దిగి నడిచెళ్ళే దూరంలో కిరాణా కొట్టుందా, కాఫీ హోటలుందా, బడుందా, పార్కుందా అని చూసి నూటికి ఇన్ని అని తేలుస్తారు. వాక్ స్కోర్ అంటారు దాన్ని. 2007లో సియాటెల్‌లో మొదలైంది. అయిదు నిమిషాల నడకలో దొరికేదానికి పూర్తి మార్కులు, అరగంట దాటితే గుండుసున్నా. తొంభై దాటిన చోటు నడిచేవాడి పాలిట స్వర్గమట. పాతిక లోపు తెచ్చుకున్న చోట ఉప్పు పొట్లానికీ కారు తీయాల్సిందే. న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో తొంభై దరిదాపుల్లో ఉంటాయి. తెలుగువాళ్ళు బారులు తీరిన డాలస్‌కి యాభై కూడా రావు. షార్లెట్ అయితే ముప్పై లోపే.

సంక్రాంతికి ఊరొచ్చిన మన కుర్రాళ్ళ మధ్య ఈ మార్కుల మీద పెద్ద పోటీ. ఒకడు తనది డెబ్బై మార్కుల పేట అంటాడు. ఇంకొకడు, మార్కులు తక్కువైతేనేం, ఇల్లు నాలుగు వేల చదరపు అడుగులంటాడు. ఎంత కొట్టుకున్నా ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: పలాసలో క్వాలిటీ ఆఫ్ లైఫ్ లేదు. ఈ తీర్పు చెప్పడానికి కారు దిగను కూడా దిగరు, అద్దం నాలుగు వేళ్ళు దించుతారంతే.

సరే, ఆ కొలబద్దే తెచ్చి పలాసని ఆనుకున్న కాశీబుగ్గ బజారులో పెడదాం. వాళ్ళ లెక్క ప్రకారమే, నిక్కచ్చిగా. అయిదు నిమిషాల నడకలో మందుల షాపు, టిఫిన్ హోటలు, బ్యాంకు, బట్టల కొట్టు, మంగలి షాపు, సెల్‌ఫోన్ రిపేరు, గుడి, బడి అన్నీ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పావుకిలో జీడిపప్పు కోసం ఎంత దూరం పోవాలో గానీ, ఇక్కడ గుండు ఒక కొట్లో, బద్ద పక్క కొట్లో, ముక్క ఆ పక్క కొట్లో. నూటికి నూరూ వేసి, ఇంకా మనసు ఒప్పకపోతే గ్రేస్ మార్కులు కలపాలి. న్యూయార్కు తల దించుకోవాలి.

ఆ పరీక్ష పేపర్లో ఒక్క ప్రశ్నే అడగలేదు. కాలు ఎక్కడ పెట్టాలి? కొట్టు మెట్లు కాలువ మీదికి వచ్చేశాయి. కాలువ మీద పలకలు ఒకటుంటే ఒకటుండదు, ఉన్నదాని మీద బైకు ఉంటుంది. బైకు దాటితే జీడిపిక్కల బస్తాలు దించుతున్న వ్యాను, వ్యాను వెనక చెరుకు రసం బండి, బండి నీడలో నెమరేస్తున్న ఆవు. ఆవుని లేపే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి మిగిలింది తారు రోడ్డు నడిమధ్య. అక్కడ నడుస్తుంటే వెనక నుంచి ఆటోవాడు మెడ బయటపెట్టి పలకరిస్తాడు: "ఇంటికాడ సెప్పొచ్చినావేటి?"

కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో పుస్తకంలో రాసి పెట్టింది. అడ్డంకుల్లేని కాలిబాట రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీ నుంచి పలాసకి రైల్లో రావచ్చు. ఆ తీర్పు మాత్రం నడిచే వస్తున్నట్టుంది.

అలాగని మనమే వెనకబడ్డామని కుమిలిపోనక్కర్లేదు. ఆరునెలలకని డాలస్ శివారుకి వెళ్ళొచ్చిన టెక్కలి పెద్దాయన్ని ఎవర్నయినా అడగండి. పచ్చగడ్డి పక్కన అద్దంలాంటి కాలిబాట ఉంటుంది. బాగుందని నడిస్తే నాలుగు వీధులవతల హఠాత్తుగా ఆగిపోతుంది, అవతల ఆరు వరసల రోడ్డు. ఇక వెనక్కి తిరిగి మళ్ళీ అదే చుట్టు. పొద్దున్న ఎన్ని చుట్లు తిరిగినా ఒక బడ్డీ కొట్టుండదు, "ఎప్పుడొచ్చినావు?" అని అడిగే మనిషుండడు. మనిషి అగుపించాడంటే కుక్కని తిప్పుతున్నవాడే. కొడుకు మాత్రం కారెక్కి ఇరవై నిమిషాలు పోయి, జిమ్ములో డబ్బు కట్టి, కదిలే పట్టా మీద నడిచొస్తాడు. అమెరికాలో రోడ్డు మీద నడుస్తూ బండ్ల కింద పడి పోయినవాళ్ళు 2022లో ఏడున్నర వేలకి పైనే. నలభై ఏళ్ళలో అంత లెక్క లేదని అక్కడ గగ్గోలు పెట్టారు. అదే ఏడు మన దేశంలో 32 వేలకి పైగా పోయారు. గగ్గోలు ఎక్కడా వినపడలేదు.

ఇప్పుడు కొత్తగా ఇంకో మోజు వచ్చింది. పదిహేను నిమిషాల నగరం. పని, బడి, ఆసుపత్రి, అంగడి అన్నీ పావుగంట నడకలోనో సైకిలు దూరంలోనో ఉండాలట. పారిస్‌లో కార్లోస్ మొరెనో అనే ప్రొఫెసరు చెప్పాడు, ఆ ఊరి అప్పటి మేయరమ్మ ఎన్నికల్లో వాగ్దానం చేసింది, ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ ప్రొఫెసరుగారిని ఒక్కసారి మన వజ్రపుకొత్తూరు మండలం నువ్వలరేవు తీసుకురావాలి. సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. పిల్లనిచ్చినా తెచ్చుకున్నా ఊళ్ళోనే, బయటి సంబంధాలు చెయ్యరు. రెండు మూడేళ్ళకోసారి ఊరంతా కూడి పదుల జంటలకి ఒకేసారి పెళ్ళిళ్ళు చేస్తారు. పుట్టిల్లు ఒక వీధి, అత్తారిల్లు పక్క వీధి. అలిగిన కోడలు పుట్టింటికి చేరడానికి అయిదు నిమిషాలు, నచ్చజెప్పి వెనక్కి తేవడానికి ఇంకో అయిదు. పారిస్ ఏ జన్మలోనూ ఈ మార్కు అందుకోలేదు. ఒక్క పని విషయంలోనే చిన్న తేడా వచ్చింది. 193 కిలోమీటర్ల తీరమున్న మన శ్రీకాకుళం జిల్లాలో పెద్ద పడవలు ఆగే రేవు లేక, మన మత్స్యకారులు వేట కోసం దేశానికి ఆ కొసనున్న గుజరాత్ వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మన జిల్లావాళ్ళే సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కి దొరికిపోయి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్నారు. అత్తారిల్లు అయిదు నిమిషాల్లో, అన్నం రెండు రాత్రుల రైలు ప్రయాణంలో. దీనికెన్ని మార్కులో మొరెనోగారే చెప్పాలి.

ఇంతకీ నడిచేదెవరు? ఈ మార్కులన్నింటిలో ఎక్కడా లేనివాళ్ళే. పలాస జీడి పరిశ్రమలకి తెల్లారకుండా బయల్దేరే ఆడవాళ్ళు ఒక చేత్తో క్యారేజీ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని, వెనక వచ్చే లారీ లైటు వెలుగులో తమ నీడని చూసుకుంటూ నడుస్తారు. జీడి రసం తగిలి వేళ్ళ చివర్లు నల్లబడి, తోలు ఊడిన చేతులవి. నౌపడ ఉప్పు మళ్ళ గట్ల మీద బరువుతో నడిచేవాళ్ళున్నారు. వాళ్ళెవరికీ వాకబిలిటీ లేదు, నడక మాత్రం ఉంది. దొరగారి కొలబద్దలో ఇది లెక్కకి రాదు. ఆటోకి డబ్బుల్లేక నడవడం నడక కాదు, కారుండి నడవడమే నడక.

పలాస చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలోనే ఇంకో దూరం ఉంది. ఇక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలిసిన చుట్టం. దేశదేశాల నుంచి వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం తీసుకెళ్ళారు. ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేల్చినవాళ్ళు లేరు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు మంచం మీద. సోంపేటలో, పలాసలో కేంద్రాలు రాకముందు దీనికోసం విశాఖ దాకా పోవాల్సొచ్చేది. తర్వాత కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకమూ వచ్చింది. మంచిదే, కాదనేవాడెవడు? కానీ మంచం దిగిన మనిషి కాళ్ళీడ్చుకుంటూ బస్సు కోసం రోడ్డు దాటి, తోటల్లో పడి మళ్ళీ తన ఊరు చేరాలి. క్వాలిటీ ఆఫ్ లైఫ్ కొలిచేవాళ్ళకి ఆ మనిషి ఇంటి నుంచి ఆ మంచం ఎంత దూరమో కనుక్కోవాలన్న బుద్ధి పుట్టలేదు. కాఫీ హోటలు ఎంత దూరమో మాత్రం గజాలతో సహా తెలుసు.

ఎందుకు తెలుసంటే, ఆ లెక్క నడిచేవాడి కోసం వేసింది కాదు. వాక్ స్కోర్‌ని 2014లో రెడ్‌ఫిన్ కొనుక్కుంది. రెడ్‌ఫిన్ అంటే పాదయాత్రల సంఘం కాదు, ఇళ్ళమ్మే కంపెనీ. మార్కు పెరిగితే ఇంటి ధర పెరుగుతుంది, అంతే సంగతి. ఏటా వియన్నా ఫస్టు, కోపెన్‌హాగన్ ఫస్టు అని పేపర్లో చదువుకుని మనం మురిసిపోయే నివాసయోగ్య నగరాల పట్టిక ఒకటుంది కదా, లండన్‌ నుంచి వచ్చేది. పరాయి దేశానికి బదిలీ అయిన కంపెనీ ఆఫీసరుకి కష్టాల భత్యం ఎంతివ్వాలో లెక్కేసుకోవడానికి వాడేది అది. రోజుకి పదివేల అడుగులన్న మంత్రం సంగతీ అంతే. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మడానికి పెట్టిన అంకె. మనవాళ్ళు దాన్ని డాక్టరు చీటీ అనుకుని, సాయంత్రానికి రెండొందలు తగ్గితే మంచం చుట్టూ తిరుగుతున్నారు.

మన ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2021 మార్చిలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 111 నగరాలకి జీవన సౌలభ్యం మార్కులేస్తే పెద్ద నగరాల్లో బెంగళూరు ఫస్టొచ్చింది. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు జంక్షన్లో ఇరుక్కున్న మన ఉద్దానం కుర్రాడు ఆ వార్త ఫోన్లో మొదటి నుంచి చివరి దాకా తీరిగ్గా చదువుకునే ఉంటాడు. అంత సౌలభ్యం ఇంకెక్కడ దొరుకుతుంది? ఆ పట్టికలో మన జిల్లా నుంచి ఒక్క ఊరూ లేదు. పరీక్షకే కూర్చోబెట్టలేదు కాబట్టి పరువు దక్కింది.

ఇప్పుడు ఈ కొలతల జబ్బు మన తీరానికీ అంటుకుంది. 2023 ఏప్రిల్లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయిన దగ్గర్నుంచి టెక్కలి చుట్టుపక్కల రాళ్ళు పాతని పొలం కోసం వెతుక్కోవాలి. ప్రతి రాయికీ ఒక రంగుల కాగితం. పోర్టుకి పది నిమిషాలు, హైవేకి మూడు నిమిషాలు, స్టేషన్‌కి పన్నెండు నిమిషాలు. ఏ బండి మీద, ఎన్ని గంటలకి, ఎవడు తోలితే అన్నది రాయరు. తిత్లీ తుపాను కొబ్బరీ జీడీ వేళ్ళతో పెకలించిన 2018 అక్టోబరు 11 నాడు ఇదే హైవే ఎన్ని గంటల దూరంలో ఉందో కాగితం వెనక వేసినా సరిపోదు.

కాగితం మీద అందమైన బొమ్మ కూడా ఉంటుంది: వాకింగ్ ట్రాక్. వెంచర్ చుట్టూ ఎర్ర టైల్సు, పక్కన సిమెంటు కుర్చీలు, ఇంకా ఎదగని కొబ్బరి మొక్కలు. దాని మీద వాకింగ్ చెయ్యడానికి ప్లాటు కొన్నవాళ్ళు టెక్కలి నుంచి బళ్ళ మీద వస్తారు. ఆ ట్రాక్ వేసిన చోట ఇంతకుముందు జీడితోటలోంచి అవతలి ఊరికి కాలిబాట ఉండేది. ఇప్పుడు గేటుంది, గేటుకో కాపలావాడున్నాడు. అతనిదీ ఆ ఊరే. గంప నెత్తిన పెట్టుకుని అలవాటు కొద్దీ అటే వచ్చిన ఆడవాళ్ళకి అడ్డంగా కర్ర పెడతాడు.

"ఇటు ఎల్లకూడదు పిన్నీ. ఇది వాకింగు సేసీవోళ్ళకి."

"మాం సేత్తన్నదేటిరా మరి?"

"మీది నడక గదే."

"ఎటెల్లమంతావు?"

కర్ర ఎత్తి హైవే వైపు చూపిస్తాడు.