తాళమేసిన ఇంట్లో గిన్నె చప్పుడు: టీకా తాత్పర్యం

మూలం: తాళమేసిన ఇంట్లో గిన్నె దొర్లింది, చప్పుడైందా?

టీక: తాళమేసిన ఇంట్లో = వినే చెవి లేని చోట (గోడలకు చెవులుంటాయి గనుక ప్రశ్నే పుట్టదని ఒక వ్యాఖ్యాత; అది లోకోక్తి, పక్కన పెడదాం); గిన్నె = స్టీలుది (ఇత్తడిదని పాఠాంతరం; మోత హెచ్చు గనుక అదే మేలని మా పక్షం); దొర్లింది = కదిలించేది ఉండి దొర్లింది; చప్పుడైందా = అయిందనీ, కాలేదనీ తగువు. కర్త ఎవరో తెలియదు. దేశం కోలారు బంగారు గనులని ఊహ, పిల్లి లేకుండా గిన్నెలు దొర్లే ఊరు అదే కదా!

తాత్పర్యం: అక్కడి చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. రాయి తవ్వి తీసిన కొద్దీ మిగిలిన బండ మీద ఒత్తిడి పెరిగి, ఒకనాటికి ఓర్చుకోలేక భళ్లున పగులుతుంది. తొలినాళ్లలో దీన్ని ఎయిర్‌బ్లాస్ట్ అనేవారు, తర్వాత రాక్‌బర్స్ట్ అన్నారు. పెద్దదైతే పైన ఇళ్ల గోడలు బీటలిచ్చేవి. ఇక గిన్నెల సంగతి చెప్పాలా? 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సొరంగాల్లో నీళ్లు నిండాయి, మనిషన్నవాడు లేడు. అయినా బండ పగలడం మానలేదు. 1988లో ఆ ఊళ్లోనే పెట్టిన జాతీయ శిలా యాంత్రిక సంస్థ పరికరాలు ఆ అదుర్లను నమోదు చేశాయి.

ఇక్కడ పూర్వపక్షం: పరికరం గీసింది కంపాన్ని, శబ్దమంటే చెవికి అందేది, చెవి లేనిచోట అది లేదు. అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహం కూడా శబ్దాన్ని చెవితోనే నిర్వచించింది కదా అని వీరి ధీమా. కానీ అక్కడ అడిగింది చెవికి అందదగిన గుణం, అందితీరాలని ఎవరన్నారు? గని నడిచిన రోజుల్లో ఒకే పగులుకు మనిషి దడదడ విన్నాడు, పరికరం గీత గీసింది. ఇప్పుడు తగ్గింది ఒక సాక్షి మాత్రమే. సాక్షి ఊరొదిలి పోయాడని నేరమే జరగలేదంటే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? ఒక్క మాట మాత్రం పూర్వపక్షికి ఇచ్చేద్దాం: సెకనుకు ఇరవై కంపాలకు లోపున్న అదురు ఎవరున్నా వినబడదు, దాన్ని చప్పుడనక్కర్లేదు. గిన్నె అలా కాదు, నేలకు తగిలితే సెకనుకు వందల, వేల కంపాలతో మోగుతుంది.

మళ్లీ ఆక్షేపణ: ఆ గీతను చివరికి చదివేది మనిషే, కాబట్టి ఉనికి అతని చలవే. ఇది మరీ విడ్డూరం. 1965లో ఇవే గనుల్లో, దాదాపు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా, డరమ్ శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. కంటికీ చెవికీ చర్మానికీ అందని కణం అది. పరికరాల్లో మిగిల్చిన గుర్తును బట్టే లోకం ఒప్పుకుంది. చదివాక పుట్టిందని ఎవరూ అనలేదు. ఏ ఇంద్రియానికీ చిక్కనిదాన్ని నమ్మిన ఊళ్లో, చెవికి చిక్కగలదాన్ని చెవి లేదన్న వంకతో కొట్టేయడం కుదరదు.

కనుక చప్పుడైంది, విన్నవారే లేరు. గిన్నె సొట్టకు నష్టపరిహారం ఎవరివ్వాలన్నది ఈ టీకకు సంబంధించని వ్యవహారం.