ఊపుకొన్నవారికి ఊపుకొన్నంత

బాల్యమున నేను కూర్చున్నచోట కాలు ఊపినంతనే మా నాన్నగారు ‘ఊపకురా, ఇంటికి దరిద్రము’ అని గద్దించెడివారు. ఆ భయముచే డెబ్బది యేండ్లు కష్టించి నేను నేర్చిన నిశ్చలాసనమంతయు, డల్లాసులో మా అబ్బాయి యింట, మనుమడు నా చేతికొక తెల్లని కడ్డీనిచ్చి ‘ఊపు, తాతయ్యా’ అన్న క్షణమున భంగమైపోయినది.

అది 2006లో నింటెండోవారు ‘వీ’ అను ఆటల యంత్రముతో విక్రయించిన రిమోటు. 1889లో క్యోటో నగరమున పేకముక్కలు చేయుటకై పుట్టిన ఆ సంస్థ, ఎదుటివాని చేతిలోని ముక్కలు ఎరిగినదగుటచే, ఆరితేరిన ఆటగాండ్రను పోటీదారులకు వదలి, ఆటయన్న మొగము చిట్లించు అమ్మమ్మలను, తాతలను వెదకికొనుచు బయలుదేరినది. అమెరికాలోని ప్రకటనలలో సూట్లు ధరించిన యిద్దరు జపానీయులు గడపగడపకు పోయి, పెండ్లిపిలుపునకు వచ్చిన చుట్టములవలె వినయముగా వంగి, రిమోటునందించెడివారు. పిలుపునందుకొన్నవారి యుత్సాహమునకు రిమోట్లు చేజారి టీవీలను తాకుచుండగా, ఆ డిసెంబరులోనే సుమారు 32 లక్షల మణికట్టు త్రాళ్లను మార్చి దృఢమైనవి యిత్తుమని సంస్థ ప్రకటింపవలసివచ్చినది.

2010 సెప్టెంబరులో సోనీవారు కొనయందు వెలుగుబంతిగల ‘మూవ్’ అను కడ్డీని దెచ్చి, తాతలను పలుకరింపక, ఆటలో పండిన యువకులతో ముచ్చటించిరి; వ్రేళ్లనే తుపాకియని భావించి గాలిలో కాల్చుట పసిపిల్లల చేష్టయని, మీటలేని ఆయుధమేమి ఆయుధమని ప్రత్యర్థిని ఎత్తిపొడిచిరి. ఆ ప్రత్యర్థియగు మైక్రోసాఫ్టు నవంబరులో ‘కినెక్ట్’ అను కెమెరాను దెచ్చి, చేత నేమియు వలదు, దేహమే ఉపకరణమని, వేదాంతులు ఊరక చెప్పుమాటను 150 డాలర్లకు విక్రయించి, 60 దినములలో 80 లక్షల కుటుంబములను శిష్యులుగా జేసికొన్నది. అయితే దాని యెదుట ఒక్కడు ఆడవలెనన్నను టీవీకి ఆరడుగుల యెడము కావలెను. మానవునికి తుదకు మిగులునది ఆరడుగుల నేలయని వినియుంటిని గాని, ఆటకును అంతియే పట్టునని యెరుగనైతిని.

ఇక ఆ తెల్లని కడ్డీతో నా టెన్నిసు సంగతి. నేను పంచె బిగించి, పూలకుండీని ప్రక్కకు జరిపి, జరుపని దీపస్తంభమును పడద్రోసి, రొప్పుచు ఆడుచుండగా, మనుమడు సోఫాపై వెల్లకిల పరుండి మణికట్టు మాత్రము కొంచెము త్రిప్పి నన్ను చిత్తుగా ఓడించినాడు. నాకప్పుడు జ్ఞానోదయమైనది: వర్తకులు ముగ్గురును మనుష్యులను తాతలని, వీరులని, కుటుంబములని విడదీసిరి గాని, కొన్నవారిది ఒక్కటే కులము, అది కూర్చుండువారి కులము. ఆ కులముపై 2013లో మైక్రోసాఫ్టు తన కొత్త యంత్రముతో కినెక్ట్‌ను విడదీయరానిదిగా ముడివైచి 499 డాలర్లడుగగా, సోనీ కెమెరా లేకుండ 399కే తన యంత్రమునిచ్చినది. మరుసటి యేటి జూనులో మైక్రోసాఫ్టునకు ఆ ముడి విప్పక తప్పలేదు.

మా అబ్బాయి యింట ఆ తెల్లని కడ్డీ యిప్పటికిని పదిలముగానే యున్నది. దాని బ్యాటరీలు మాత్రము టీవీ రిమోటులోనికి పోయినవి.