18,380 అడుగుల అబద్ధం

మళ్ళీ పెరిగింది. బంగారం ధర అనుకునేరు, లదాఖ్ రోడ్ల ఎత్తు. ఇక మీదట లెక్క మిగ్ లా కనుమ మీది కొత్త రోడ్డుదేనట, 19,400 అడుగులట. 19,024 అడుగుల ఉమ్లింగ్ లా ఎక్కొచ్చి కాలరెగరేసుకు తిరుగుతున్నవాళ్ళ మొహాలు చూసి తీరాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. ఇక్కడ తన్నేదీ తలదన్నేదీ ఒకే సరిహద్దు రోడ్ల సంస్థ. వార్త వచ్చిన రాత్రే మన కుర్రాళ్ళు ఇద్దరిద్దరుగా జతలు కట్టి, వచ్చే వేసవికి సెలవులు లెక్కపెట్టుకున్నారు. సరిహద్దుకి అంత దగ్గర్లో ఉన్న దారిలోకి మామూలు జనాన్ని పోనిస్తారా అని మాత్రం ఒక్కడూ అడగలేదు. అలా అడిగేవాణ్ణి రైడర్ అనరు.

జతలు అన్నాను కదా, ఈ యాత్రకి ఇద్దరే ముద్దు. ముగ్గురైతే మూడోవాడు పెట్రోలు లెక్కలు అడుగుతాడు. ఒక్కడే వెళ్తే 'ఒంటరి ప్రయాణం' అనే వీడియో తీసిపెట్టే దిక్కుండదు. అవును, ఒంటరితనానికి కూడా తోడు కావాలి. ఆ పని ఎలా జరుగుతుందో ఆదిలాబాద్‌లో పెళ్ళికి పోతూ దగ్గర నుంచి చూశాను. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపులో ఒకడు బండి ఆపి, రాళ్ళ మధ్య మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి చెయ్యి ఊపాడు. రెండోవాడు కింది నుంచి దూసుకొచ్చి, కెమెరా వంక చూడనట్టు చూస్తూ, మలుపు తిరిగి మాయమయ్యాడు. "మామా, నీ వెనకాల లారీ పడింది" అని కేకేశాడు మొదటివాడు. వాడు కిందికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి హెల్మెట్ అద్దం తెరిచి ఉందట. మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత వాడి వంతు కెమెరా, వీడి వంతు ఒంటరితనం. మక్కబుట్టల గంప పెట్టుకుని అక్కడే కూర్చున్న పెద్దావిడ, "ఏం పోగొట్టుకున్నరు బిడ్డా, గన్నిసార్లు తిరుగుతున్నరు?" అని అడిగింది. జవాబు చెప్పే తీరిక ఇద్దరికీ లేకపోయింది.

బయల్దేరే ముహూర్తం సంగతి సరేసరి. తెల్లవారుజామున మా అపార్టుమెంటు సెల్లారులో, సైలెన్సరు మార్చిన బళ్ళు రెండు ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ నిద్ర లేపి మరీ వీడ్కోలు తీసుకుంటాయి. టైర్ల కింద నిమ్మకాయలు. హ్యాండిల్‌కి అయిదు రంగుల టిబెటన్ ప్రార్థన జెండాలు. లేహ్ నుంచి తెచ్చుకోవాల్సిన జెండాలు లేహ్‌కి మోసుకుపోవడం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా తెగలేదు. ఒంటి మీద జాకెట్టు, మోకాళ్ళకి చిప్పలు, పెట్టెల నిండా కెమెరాలు. వాయిదాలు కట్టేది నాన్న.

చాలా బళ్ళు అసలు రోడ్డే ఎక్కవు. సికింద్రాబాద్ స్టేషన్లో పెట్రోలు ఖాళీ చేయించుకుని, గోనెపట్టా చుట్టించుకుని, పార్సిల్ పెట్టెలో ఢిల్లీ చేరతాయి. యజమాని విమానంలో చేరతాడు. ఆ గోనెపట్టా ఏ వీడియోలోనూ కనబడదు గానీ ట్యాంకు మీద 'హైదరాబాద్ టు లదాఖ్' స్టిక్కరు మాత్రం తళతళలాడుతుంటుంది.

పోనీ నిజంగా నడుపుకుంటూ పోయేవాళ్ళకైనా దారి దక్కుతుందా? మేడ్చల్ దాటింది మొదలు ఢిల్లీ దాకా సుమారు పదిహేను వందల కిలోమీటర్లు వీడియోలో ఇరవై సెకన్లు, పైన గిటారు వాయింపు. కామారెడ్డి లేదు, పెన్‌గంగ వంతెన లేదు, నాగపూర్ దాటాక రోడ్డు కింద నుంచి పులులు పోవడానికి కట్టిన దారులు లేవు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా హైదరాబాద్, నిర్మల్, నాగపూర్ మీదుగానే పోయాడు. నిరాడంబరుడేమీ కాదు. పల్లకీలో, వెనక పెద్ద పరివారంతో పోయాడు. అయినా ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, ఏ ఏరు దాటడం కష్టం అన్నీ వివరంగా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి ఉత్తరాలు రాశాడు. ఇంటి పట్టున కూర్చున్న ఆ పిళ్ళైకి అందినంత దారి కూడా మన జతలకి అందడం లేదు. హెల్మెట్లలో మైకులు పెట్టుకుని, పక్కపక్కన రెండు బళ్ళ మీద పోతూ వీళ్ళు రోజంతా మాట్లాడుకునేది ఒకటే: "మామా, బ్యాటరీ ఎంతుంది?"

ఇంత హంగామా చేసి పోయేది దేనికయ్యా అంటే ఒక పసుపు బోర్డు కోసం.

లేహ్ దగ్గరి ఖర్‌దుంగ్ లా కనుమ మీద ఆ బోర్డు ఏళ్ళ తరబడి 18,380 అడుగులని, వాహనాలు నడిచే రోడ్లలో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది తానేనని చెప్పుకుంది. ఉపగ్రహాల సాయంతో కొలిచినవాళ్ళు 17,582 అడుగులని తేల్చి చాలా కాలమైంది. మధ్యలో తేడా దాదాపు ఎనిమిది వందల అడుగులు. మూడు కుతుబ్ మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా మిగిలే అబద్ధం అది. తర్వాత కొత్త బోర్డు పెట్టి 17,982కి దిగారు. గట్టిగా బేరమాడితే ఇంకో నాలుగొందలు కూడా తగ్గించేవారేమో. లేహ్ బజారులో టీషర్టులు, టీ కప్పులు, ఫ్రిజ్జుకి అంటించే బిళ్ళలు మాత్రం ఒక్క అడుగు కూడా దిగలేదు; అక్కడ ఇప్పటికీ 18,380. మా మేనల్లుడు ఆ టీషర్టు చూపించి, అదే అంకె ఎడమచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. వాడి ప్రాణస్నేహితుడు కుడిచేతి మీద.

అసలు ఎత్తు వాడికి తెలియక కాదు. బోర్డు ముందు నిలబడ్డప్పుడు వాడి ఫోన్లో ఎత్తు చూపించే యాప్ తక్కువ అంకె చూపిస్తోంది. అదే ఫోన్ ఎత్తి, ఎక్కువ అంకె ఉన్న బోర్డుని ఫొటో తీసుకున్నాడు. రెండిట్లో ఏది నిజంరా అంటే, "బోర్డు గవర్నమెంటుది కదా మామయ్యా" అన్నాడు. చలానా పడినప్పుడు ఈ భక్తి ఏమవుతుందో.

ఆ బోర్డు ముందు వరస ఒకటి. తిరుమల కంపార్టుమెంట్లలో అయినా కాసేపు కూర్చోనిస్తారు, పాలూ ఉప్మా పెడతారు. ఇక్కడ సముద్రమట్టంతో పోలిస్తే అందే ఆక్సిజన్ సగం. ఇరవై పాతిక నిమిషాలకి మించి ఉండొద్దని అక్కడ రాసే ఉంటుంది. ఆ హెచ్చరికకి ఎవడూ ఫొటో తీయడు. తల దిమ్మెక్కుతున్నా, కడుపులో తిప్పుతున్నా, హెల్మెట్ చంకలో పెట్టుకుని తమ వంతు కోసం నిలబడి ఉంటారు. "అయితే జరగండి భయ్యా" అని వెనక నుంచి కేకలు. బోర్డెక్కి కూర్చునేవాడొకడు, దాని ముందు కాబోయే పెళ్ళానికి వీడియో కాల్ చేయబోయి సిగ్నల్ లేక ఏడ్చేవాడొకడు, తమ క్లబ్బు స్టిక్కరు అంటించేవాడొకడు. స్టిక్కర్ల కింద అంకె సగం కనబడదు. పోనిద్దురూ, ఎలాగూ తప్పేగా.

కనుమకి అవతల నుబ్రా లోయ ఉంది. సియాచిన్‌కి సరుకులు పోయే దారి అది. వరసలో ఉన్నవాళ్ళకి ఆ పక్కకి తిరగడం కుదరదు, ఫొటోలో వీపు అటు ఉండాలి.

2021లో ఉమ్లింగ్ లాకి గిన్నిస్ ముద్ర పడినప్పుడే మావాడికి మొదటి దెబ్బ తగిలింది. "మేం వెళ్ళినప్పుడు మాదే హయ్యెస్టు" అని సర్దుకున్నాడు. అప్పుడు కూడా కాదురా, ఆ లదాఖ్‌లోనే ఉన్న మార్సిమిక్ లా మీదానికన్నా ఎత్తురా అంటే వినడు. ఇప్పుడు మిగ్ లా. రేపు ఇంకోటి. కొండలకి కొదవ లేదు, బుల్డోజర్లకి అలుపు లేదు. కనుమ మీద తమని తాము కనుగొన్నామని రాసుకున్నవాళ్ళందరూ పాపం ఇప్పుడు మరో పద్దెనిమిది వందల అడుగులు పైకెక్కి మళ్ళీ వెతుక్కోవాలి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అసలు కడుపు మండే సంగతి వేరే ఉంది.

ఆ రోడ్డు వేసిందెవరు? బోర్డు మీద ప్రాజెక్టు హిమాంక్ అని ఉంటుంది. దారి పక్కన తారు డ్రమ్ము కింద మంట పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడ్డ మనిషి దుమ్కా నుంచి వచ్చినవాడు. ఝార్ఖండ్ సంతాలీ పల్లెల నుంచి ఏటా వేసవిలో వచ్చి, మంచు తోడి, రాళ్ళు కొట్టి, తారు పోసి, చలి ముదరకముందే తిరిగిపోయే కూలీలు వాళ్ళు. 2020లో దేశమంతటా వలస కూలీలు కాళ్ళు పగిలేలా నడిచి ఇళ్ళకి చేరారు. జూన్ రాగానే ఈ పని కోసమే వాళ్ళని దుమ్కాలో ప్రత్యేక రైలెక్కించారు. మీ వీడియోల్లో వాళ్ళెక్కడున్నారు? ఉన్నారు, ఒకే ఒక్క చోట: "రోడ్ వర్క్ వల్ల గంటన్నర ఇరుక్కుపోయాం గైస్" అని మీరు విసుక్కునే చోట. మీరు పావుగంట నిలబడలేక ఆక్సిజన్ డబ్బా పీలుస్తారు. వాళ్ళు అలాంటి గాలిలోనే, ఏ చిప్పలూ లేని మోకాళ్ళ మీద, పొద్దుగూకేదాకా పార పట్టుకుంటారు. వాళ్ళు వేసిపెట్టిన తారు మీద మూడు లక్షల బండిని ఎక్కించి, సాధించాను అని చెయ్యి పైకెత్తడానికి సిగ్గుండాలి. ఆ మనిషిని "భయ్యా, కొంచెం ఫ్రేమ్‌లోంచి పక్కకి" అనడానికి ఇంకా ఎక్కువ సిగ్గులేనితనం ఉండాలి.

కడుపు మండే సంగతి ఇంకోటి. 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో, రాష్ట్రహోదా, ఆరో షెడ్యూలు అడుగుతున్న ఆందోళనలో కాల్పులు జరిగి నలుగురు పోయారు. వాళ్ళలో ఒకరు కార్గిల్ యుద్ధంలో పోరాడి వచ్చిన మాజీ సైనికుడు. కర్ఫ్యూ పెట్టారు, మొబైల్ ఇంటర్నెట్ ఆపారు, ఆ ఆందోళనలో ముందు నిలిచిన సోనమ్ వాంగ్‌చుక్‌ని జాతీయ భద్రతా చట్టం కింద పట్టుకెళ్ళారు. ఆ వారం మావాడి రైడర్ల గుంపులో తిరిగిన ప్రశ్న ఏమిటంటే, హోటల్ అడ్వాన్సు వెనక్కిస్తారా అని. లదాఖీల అమాయకమైన చిరునవ్వుల మీద అంతకు ముందు వరకూ కవిత్వం ఒలకబోసినవాళ్ళే వీళ్ళు. ఆ అమాయకులు తమ నేల మీద తమకో మాట ఉండాలనేసరికి వీళ్ళ సీజన్ చెడిపోయింది. పది రోజులైనా తిరక్కుండానే మిగ్ లా ప్రకటన వచ్చింది, గుంపులో అందరి మనసులూ కుదుటపడ్డాయి. చనిపోయిన నలుగురి గురించి అడిగితే, "మేం పాలిటిక్స్ మాట్లాడం అంకుల్, ఓన్లీ రైడింగ్" అన్నాడు ఒకడు. సరిహద్దులో రోడ్డు ఎందుకు వేస్తారనుకుంటున్నాడో!

చే గెవారా టీషర్టు తొడుక్కుని బయల్దేరే జతలు కూడా ఉన్నాయి. 1952లో ఆయనా, స్నేహితుడు ఆల్బెర్టో గ్రనాడో ఎక్కి తిరిగిన నార్టన్ బండి చిలీలోనే చచ్చింది. అక్కడి నుంచి లారీలు పట్టుకుని, ఓడలో దొంగచాటుగా దూరి, కాళ్ళీడ్చుకుంటూ పోయారు. రాగి గని కూలీల బతుకునీ, పెరూలో కుష్ఠురోగుల ఆశ్రమాన్నీ చూసింది బండి పోయాకే. మన జతకి క్లచ్ కేబుల్ తెగితే కంపెనీని తిడుతూ నలభై నిమిషాల వీడియో వస్తుంది, రెండు భాగాలుగా.

ఇక మావాడి జత సంగతి. ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ, ఇంజనీరింగులో ఒకే గది, ఇప్పుడు చేతుల మీద ఒకే తప్పుడు అంకె. మిగ్ లా ఎక్కిన మొదటి తెలుగు రైడర్ అనే బిరుదు ఒకటి ఖాళీగా ఉందని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. బిరుదేమో ఒకటే. మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చి, దారి తెరవగానే తనొక్కడే వెళ్ళిపోతున్నాననీ, రెండోవాడికి ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పాననీ, నన్ను నోరు విప్పొద్దనీ ఒట్టు వేయించుకున్నాడు. మంగళవారం రెండోవాడు వచ్చాడు, స్వీటు పెట్టెతో సహా. వాడు ఇంకో వారం ముందే బయల్దేరుతున్నాడట. బండి ఈసరికే పార్సిల్‌కి మాట్లాడేశాడట. "ఒంటరి ప్రయాణం ఫొటోలు ఎవరు తీస్తార్రా?" అన్నాను. లేహ్‌లో రోజుకి ఇంతని ఒక మనిషిని కుదుర్చుకున్నాడట. "వాడికి తెలిస్తే ఫీలవుతాడు అంకుల్" అని బతిమాలాడు.

నోరు విప్పనని ఇద్దరికీ మాటిచ్చాను. రాయనని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.